నరాలు, కండరాల జబ్బులున్నవారికి స్కాన్‌లో కాంట్రాస్ట్ ఇంజెక్షన్: తరచుగా అడిగే ప్రశ్నలు

మయస్థీనియా, మస్క్యులర్ డిస్ట్రోఫీ, ఎస్ఎమ్ఏ, ఏఎల్ఎస్ లాంటి, కండరాలు బలహీనపడే జబ్బున్న మనిషికి కాంట్రాస్ట్‌తో స్కాన్ రాశారంటే ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. లోపలి భాగాలు స్పష్టంగా కనిపించడానికి ఇచ్చే ఆ డై ఎక్కిస్తే ఉన్న కాస్త బలం కూడా పోతుందేమోనన్నది అందరి భయం. ఆ భయం పూర్తిగా ఉత్తది కాదు. కానీ ఈ జబ్బులున్నవారికి ఎక్కువ ప్రమాదం ఆ మందులో ఉండదు, దాని చుట్టూ జరిగే పనుల్లో ఉంటుంది. కిడ్నీ రిపోర్టును తప్పుగా చదవడం, వెల్లకిలా పడుకోబెట్టడం, ఖాళీ కడుపుతో గంటల తరబడి కూర్చోబెట్టడం, మత్తు ఇవ్వడం, స్కాన్ కోసం వేరే మందులు ఎక్కించడం లాంటివన్నమాట. అందుకే కింద ఈ విషయాలకే ఎక్కువ చోటిచ్చాం.

కాంట్రాస్ట్ అన్నీ ఒకటేనా?

కాదు. సీటీ స్కాన్‌కూ, యాంజియోగ్రామ్‌కూ వాడేది అయోడిన్ ఉన్న మందు. ఎంఆర్ఐకి వాడేది గడోలినియం. మింగడంలో, పేగుల్లో తేడా చూడటానికి తాగించేది బేరియం. గుండె అల్ట్రాసౌండ్‌లో అరుదుగా చిన్న గాలి బుడగల మందు వాడతారు. వీటి మంచిచెడులు వేర్వేరు. ‘నాకు కాంట్రాస్ట్ పడదు’ అని మాత్రమే చెబితే డాక్టరుకు పెద్దగా ఉపయోగం ఉండదు. ఏ స్కాన్‌లో, ఏ మందుతో, ఎన్ని నిమిషాలకు ఏం జరిగిందో రాసి పెట్టుకోండి. మందు పేరు పాత స్కాన్ రిపోర్టులో సాధారణంగా ఉంటుంది.

నరాలు, కండరాల జబ్బు ఉంటే కాంట్రాస్ట్ అసలు ఎక్కించకూడదా?

అలాంటి నిషేధం ఏదీ లేదు. డ్యుషెన్ డిస్ట్రోఫీ, ఎస్ఎమ్ఏ, ఏఎల్ఎస్, సీఐడీపీ, ఇతర నరాల జబ్బులు ఉన్నంత మాత్రాన కాంట్రాస్ట్ జబ్బును ముదరబెడుతుందనడానికి ఆధారం లేదు. విడిగా మాట్లాడుకోవలసింది మయస్థీనియా గ్రేవిస్ గురించి. మిగతా జబ్బుల్లో చూసుకోవలసింది కిడ్నీ, గుండె, ఊపిరి.

స్కాన్ నిజంగా అవసరమైనప్పుడు జబ్బు పేరు చూసి భయపడి వాయిదా వేయడం కూడా ప్రమాదమే. ఊపిరితిత్తిలో రక్తం గడ్డ ఉందేమోనని అనుమానం వచ్చిన మనిషికి డై లేని సీటీ తీస్తే ఆ గడ్డ తప్పిపోవచ్చు. కదలలేక మంచానికే పరిమితమైనవారికి ఆ గడ్డలు రావడానికి అవకాశం కూడా ఎక్కువే.

నాకు మయస్థీనియా గ్రేవిస్ ఉంది. సీటీకి డై ఎక్కించుకోవచ్చా?

అవసరమైతే ఎక్కించుకోవచ్చు, కాకపోతే జాగ్రత్తలతో.

ఈ భయం పాతకాలం మందుల నుంచి వచ్చింది. అప్పట్లో వాడిన అయోడిన్ మందులు చాలా చిక్కనివి. రక్తం సాంద్రత (అందులో కరిగిన కణాల లెక్క, ఆస్మొలాలిటీ) సుమారు 290 ఉంటే వాటిది 1500 దాటేది. కొన్నింటిలో కాల్షియాన్ని పట్టేసే పదార్థాలు కూడా కలిపేవారు. నరం చివర నుంచి కండరానికి ఆదేశం చేరాలంటే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదల కావాలి, దానికి కాల్షియం కావాలి. మయస్థీనియాలో నరం, కండరం కలిసే ఆ కూడలి ముందే దెబ్బతిని ఉంటుంది. కాస్త కాల్షియం తగ్గినా తట్టుకునే మిగులు అక్కడ ఉండదు. పాత మందులతో కొందరికి హఠాత్తుగా ఊపిరి కండరాలు బలహీనపడిన కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. వాటికి కారణం ఇదే కావచ్చని ఒక వివరణ.

ఇప్పుడు వాడేవి తక్కువ సాంద్రత మందులు, చాలావరకు 600 నుంచి 850 మధ్య ఉంటాయి. అయోడిక్సనాల్ అనే మందు సాంద్రత దాదాపు రక్తంతో సమానం. మరి వీటితో భయం పూర్తిగా పోయిందా? 2013లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో మయస్థీనియా ఉన్నవారి పాత రికార్డులు తిరగేశారు. తక్కువ సాంద్రత మందు ఎక్కించుకున్న 112 మందిలో 7 మందికి ఒక రోజు లోపల లక్షణాలు పెరిగాయి. మందు లేకుండా సీటీ తీయించుకున్న 155 మందిలో ఒక్కరికే అలా జరిగింది. అంటే 6.3 శాతం, 0.6 శాతం. తేడా ఉన్నమాట నిజమే. అయితే ఇలాంటి లెక్కలో ఒక చిక్కుంది. కాంట్రాస్ట్ అవసరమైనవారు సాధారణంగా ముందే ఎక్కువ జబ్బుతో ఉంటారు, కాబట్టి తప్పంతా మందు మీద వేయలేం. అమెరికాలోని మయస్థీనియా గ్రేవిస్ ఫౌండేషన్ జాగ్రత్తగా వాడాల్సిన మందుల జాబితాలో కూడా అయోడిన్ కాంట్రాస్ట్ ఉంది. అక్కడి సలహా సారాంశం ఏమిటంటే, కొత్త మందులు పాతవాటికన్నా సురక్షితంగానే కనిపిస్తున్నాయి, అయినా ఎక్కించాక బలహీనత పెరుగుతుందేమో గమనించాలి.

వందలో తొంభై మందికి పైగా ఏమీ కాలేదన్నదీ అదే లెక్క చెబుతోంది. అందుకే ‘వద్దు’ అనడం కన్నా ‘ఎక్కడ, ఎప్పుడు’ అనేది చూసుకోవడం మంచిదని నా అభిప్రాయం. జబ్బు అదుపులో ఉండి, మింగడం, మాట, ఊపిరి బాగున్నప్పుడు మామూలు స్కాన్ సెంటర్లో కూడా తీయించుకోవచ్చు. మింగడం కష్టంగా ఉన్నా, ఈ మధ్యనే క్రైసిస్ (ఊపిరి కండరాలు బాగా బలహీనపడటం) వచ్చి తగ్గినా, ఊపిరికి సాయం అందించగల ఆసుపత్రిలో మాత్రమే తీయించుకోండి. అత్యవసరం కాకపోతే జబ్బు కుదుటపడేదాకా ఆగవచ్చు.

గడోలినియం విషయంలో, అది ఎక్కించాక మయస్థీనియా ముదిరినట్టు 1992లో ఒక కేసు నమోదైంది. అలాంటివి చాలా అరుదు. ఎంఆర్ఐకి జాగ్రత్తలు అవే, ఆందోళన ఇంకా తక్కువ.

థైమస్ గ్రంథి చూడటానికి డై తప్పనిసరా?

చాలాసార్లు కాదు. మయస్థీనియా కొత్తగా బయటపడినప్పుడు థైమస్‌లో గడ్డ ఉందా అని చూడటానికి డై లేని ఛాతీ సీటీ తరచుగా సరిపోతుంది. గడ్డ కనిపించి, అది పక్కనున్న రక్తనాళాలకు ఎంత దగ్గరగా ఉందో ఆపరేషన్‌కు ముందు తెలియాల్సి వస్తే అప్పుడు డై కావాలి. స్కాన్ కాగితం మీద ‘కాంట్రాస్ట్’ అని ఉంటే, ‘అది లేకుండా ఈ ప్రశ్నకు జవాబు దొరకదా?’ అని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. రేడియాలజిస్టులు ఈ ప్రశ్నను తప్పుపట్టరు.

క్రియాటినిన్ నార్మల్ వచ్చింది. ఇక కిడ్నీకి భయం లేనట్టేనా?

కండరం తగ్గిపోయిన మనిషి విషయంలో ఆ ఒక్క అంకెను నమ్మకండి. ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇది చదవండి.

క్రియాటినిన్ పుట్టేది కండరంలో. కండరంలోని క్రియాటిన్ రోజూ కొద్దికొద్దిగా క్రియాటినిన్‌గా మారి రక్తంలోకి వస్తుంది, కిడ్నీలు దాన్ని బయటకు పంపుతాయి. మామూలు మనిషిలో ఈ ఉత్పత్తి దాదాపు స్థిరంగా ఉంటుంది. అందుకే రక్తంలో అది పెరిగితే కిడ్నీ వెనకబడిందని అర్థం చేసుకుంటారు. డ్యుషెన్ ఉన్న కుర్రాడికో, ఎస్ఎమ్ఏ ఉన్న పాపకో, ఏఎల్ఎస్‌తో చిక్కిపోయిన పెద్దాయనకో ఆ ఉత్పత్తే పడిపోయి ఉంటుంది. కిడ్నీ సగం పని మానేసినా రక్తంలో క్రియాటినిన్ హద్దు దాటేంత పెరగడానికి సరుకే లేదు.

ఒక ఉదాహరణ చూడండి. పదిహేడేళ్ల డ్యుషెన్ కుర్రాడికి ఎప్పుడూ ఉండే క్రియాటినిన్ 0.2. స్కాన్ అయిన రెండో రోజు చూస్తే 0.5. పెద్దవాళ్లకు నార్మల్ పై హద్దు సుమారు 1.2 కాబట్టి ల్యాబు రిపోర్టు మీద ‘ఎక్కువ’ అన్న ఎర్ర గుర్తు పడదు. చూసిన డాక్టరు కూడా ‘బాగుంది’ అని పక్కన పెట్టే అవకాశం ఉంది. కానీ అది రెండున్నర రెట్లు పెరిగింది. కిడ్నీకి హఠాత్తుగా దెబ్బ తగిలిందని చెప్పడానికి ప్రపంచమంతా వాడే కేడిగో ప్రమాణం ప్రకారం 48 గంటల్లో 0.3 పెరగడం గానీ, 7 రోజుల్లో ఒకటిన్నర రెట్లు కావడం గానీ చాలు. ఈ కుర్రాడికి రెండూ జరిగాయి. ‘ఎక్కువ’ అన్న గుర్తు లేని కాగితం మీదే.

కిడ్నీ వడకట్టే వేగాన్ని అంచనా వేసే ఇజీఎఫ్ఆర్ కూడా ఇదే క్రియాటినిన్ నుంచి లెక్కగట్టేది కాబట్టి ఈ మనుషుల్లో అది ఉన్నదానికన్నా గొప్పగా కనిపిస్తుంది. 150, 180 అని వచ్చిన రిపోర్టు చూసి కిడ్నీలు మహా బాగున్నాయని సంబరపడొద్దు. కండరం లేదన్న సంగతినే ఆ అంకె ఇంకోలా చెబుతోంది.

అందుకే రెండు పనులు చేయండి. పాత రిపోర్టుల్లోని క్రియాటినిన్ అంకెలన్నీ ఒక కాగితం మీద తేదీలతో వరుసగా రాసి దగ్గర ఉంచుకోండి. మీ మనిషిని అతని పాత అంకెతోనే పోల్చాలి, ల్యాబు ఇచ్చిన హద్దులతో కాదు. రెండోది, సిస్టాటిన్ సి పరీక్ష అడగండి.

సిస్టాటిన్ సి అంటే ఏమిటి? అది పక్కాగా చెబుతుందా?

అది ఒంట్లోని కణాలన్నీ తయారుచేసే చిన్న ప్రొటీన్. కండరం మీద పెద్దగా ఆధారపడదు కాబట్టి ఈ జబ్బుల్లో కిడ్నీ పని అంచనా వేయడానికి క్రియాటినిన్ కన్నా మేలు. కాకపోతే దీనికీ ఒక బలహీనత ఉంది. స్టెరాయిడ్లు వాడుతున్నా, థైరాయిడ్ తేడా ఉన్నా అది కొంత మారుతుంది. డ్యుషెన్ పిల్లల్లో చాలామంది ఏళ్ల తరబడి స్టెరాయిడ్ల మీదే ఉంటారు. వాళ్లలో సిస్టాటిన్ సి కొంచెం ఎక్కువ చూపించి, కిడ్నీ ఉన్నదానికన్నా నీరసంగా ఉన్నట్టు కనిపించవచ్చు. అయినా తప్పు అటువైపు జరగడమే నయం. అనవసరంగా జాగ్రత్తపడితే పోయేదేమీ లేదు.

కిడ్నీ కాపాడటానికి సెలైన్ ఎక్కిస్తామంటున్నారు. గుండె బలహీనంగా ఉంది, ఫరవాలేదా?

అడిగి తీరాల్సిన ప్రశ్న. అమెరికా రేడియాలజీ, కిడ్నీ నిపుణుల సంఘాలు 2020లో ఇచ్చిన ఉమ్మడి సలహా ప్రకారం సెలైన్ ప్రధానంగా ఇజీఎఫ్ఆర్ 30 కన్నా తక్కువ ఉన్నవారికీ, కిడ్నీకి అప్పటికే హఠాత్తుగా దెబ్బ తగిలినవారికీ అవసరం. డ్యుషెన్, బెకర్ డిస్ట్రోఫీల్లో, కొన్ని ఇతర కండర జబ్బుల్లో గుండె కండరం కూడా పాడవుతుంది. అలాంటి గుండెకు గబగబా లీటర్ల సెలైన్ ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది, ఊపిరి కండరాలు ముందే బలహీనం కాబట్టి ఆ మనిషి తట్టుకోలేడు. ఎంత, ఎంత వేగంగా ఎక్కించాలన్నది గుండె డాక్టరుతో మాట్లాడాకే తేల్చాలి. స్కాన్‌కు ముందురోజు నోటితో నీళ్లు బాగా తాగించడం, అది సాధ్యమైనవారికి, మంచి పద్ధతి. గుండె కోసం వాడే మాత్రలు మీ అంతట మీరు ఆపేయొద్దు.

ఒంట్లో కండరం విపరీతంగా కరిగి మూత్రం ముదురు రంగులోకి మారిన సమయంలో, అంటే రాబ్డోమయోలిసిస్ ఉన్నప్పుడు, అయోడిన్ మందును వీలైతే వాయిదా వేయాలి. కండరం నుంచి వచ్చిన మయోగ్లోబిన్ అనే ప్రొటీన్ అప్పటికే కిడ్నీని ఇబ్బంది పెడుతూ ఉంటుంది.

మా బాబుకు గుండె ఎంఆర్ఐ మళ్లీమళ్లీ తీస్తున్నారు. గడోలినియం ఒంట్లో పేరుకుపోతుందట, నిజమేనా?

కొంచెం మిగలడం నిజమే. 2014లో, పలుసార్లు గడోలినియం తీసుకున్నవారి మెదడులో కొన్ని చోట్ల దాని జాడ కనిపిస్తుందని బయటపడింది. ఆ జాడ వల్ల నరాలకు హాని జరిగినట్టు ఇప్పటిదాకా రుజువు కాలేదు. అయినా 2017లో యూరప్ ఔషధ నియంత్రణ సంస్థ పాత రకం, అంటే గొలుసులాంటి నిర్మాణం ఉన్న మందుల్లో చాలావాటి వాడకాన్ని నిలిపివేసింది. అదే ఏడాది చివర్లో అమెరికా నియంత్రణ సంస్థ ఈ మందులన్నిటికీ హెచ్చరిక జోడించింది. వలయం లాంటి నిర్మాణం ఉన్న మందులు గడోలినియాన్ని గట్టిగా పట్టి ఉంచుతాయి, ఒంట్లో తక్కువ మిగులుతాయి. గాడోబ్యూట్రాల్, గాడోటెరేట్, గాడోటెరిడాల్ ఆ కోవలోవి. ఏది ఎక్కిస్తున్నారో అడిగి రాసుకోండి.

కిడ్నీ బాగా దెబ్బతిన్నవారికి పాత రకం మందులతో చర్మం, కీళ్లు బిగుసుకుపోయే ఎన్ఎస్ఎఫ్ అనే ఘోరమైన జబ్బు వస్తుందని 2006లో తేలింది. వలయం రకంతో ఆ ప్రమాదం అతి స్వల్పం.

ఇక అసలు విషయం. 2018లో వచ్చిన డ్యుషెన్ సంరక్షణ మార్గదర్శకాల్లో గుండె చూడటానికి ఎంఆర్ఐని మంచి పద్ధతిగా చెప్పారు. ఆరేడేళ్ల వయసు దాకా, అంటే మత్తు లేకుండా కదలకుండా పడుకోగలిగే దాకా, ఎకో (గుండె అల్ట్రాసౌండ్) సరిపోతుంది. గడోలినియం ఎక్కించాక తీసే చిత్రంలో గుండెలో మచ్చ కట్టిన భాగం తెల్లగా మెరుస్తుంది. పంపింగ్ శాతం పడిపోక ముందే ఆ మచ్చ కనబడుతుంది, మందులు ఎప్పుడు మొదలుపెట్టాలో దాన్ని బట్టి డాక్టర్లు నిర్ణయిస్తారు. ఆ సమాచారం విలువైనది, కాబట్టి మొత్తానికే వద్దనకండి. ఒకసారి మచ్చ ఉందని తేలాక ప్రతిసారీ ఎక్కించాలా, ఏడాది తప్పించి ఏడాది చాలా, గడోలినియం లేకుండానే కండరాన్ని కొలిచే టీ1 మ్యాపింగ్ ఆ కేంద్రంలో ఉందా అని అడగండి.

స్కాన్‌కు ముందు ఏమీ తినొద్దన్నారు. పాటించాలా?

చాలా సెంటర్లలో అలవాటుగా ఈ మాట చెబుతారు. ఇప్పటి తక్కువ సాంద్రత అయోడిన్ మందులు రక్తనాళంలోకి ఎక్కించే ముందు ఉపవాసం అక్కర్లేదని యూరప్ రేడియాలజీ మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి. మత్తు ఇస్తేనో, కడుపులో ఫలానా భాగం చూడాల్సి వస్తేనో మాత్రం ఉండాల్సి రావచ్చు.

ఇది చిన్న విషయం కాదు. కొవ్వును శక్తిగా మార్చుకోలేని కండర జబ్బులుంటాయి, సీపీటీ2 లోపం లాంటివి. వాళ్లు పది పన్నెండు గంటలు తినకపోతే కండరం కరగడం మొదలవుతుంది. స్కాన్ ఆలస్యమైన ప్రతి గంటా వాళ్లకు ప్రమాదమే. ఉపవాసం తప్పదంటే పొద్దున్నే మొదటి నంబరు అడగండి, గ్లూకోజ్ సెలైన్ ముందే పెట్టించండి.

మయస్థీనియా ఉన్నవారు ‘ఏమీ తీసుకోవద్దు’ అన్న మాట విని పిరిడోస్టిగ్మిన్ మాత్ర కూడా మానేస్తారు. మానొద్దు. మాత్ర ప్రభావం అరగంట, ముప్పావుగంటలో మొదలై మూడు నాలుగు గంటలు ఉంటుంది. స్కాన్ బల్ల ఎక్కే సమయానికి ఆ బలం అందేట్టు చూసుకుని గుక్కెడు నీళ్లతో వేసుకోవాలి. స్టెరాయిడ్ మాత్రలు రోజూ వాడుతున్నవారు ఆ ఉదయపు డోసు అస్సలు తప్పించకూడదు. ఒంట్లో సొంత కార్టిజోల్ తయారీ నిద్రపోయి ఉంటుంది, మాత్ర తప్పితే బీపీ పడిపోవచ్చు.

వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు. ఎలా?

మనిషి కూర్చున్నప్పుడు బాగానే ఉంటాడు. పడుకోబెట్టగానే పొట్టలోని అవయవాలు పైకి నెట్టి, బలహీనమైన డయాఫ్రం (ఊపిరి పీల్చే ప్రధాన కండరం) మీద భారం వేస్తాయి. స్కాన్ గదిలో జరిగే ఇబ్బందుల్లో ఇది మొదటిది, దీన్ని కాంట్రాస్ట్ రియాక్షన్ అని పొరబడతారు కూడా. ఇంట్లోనే ముందు చూసుకోండి. గడియారం పక్కన పెట్టి, దిండు లేకుండా ఎన్ని నిమిషాలు హాయిగా పడుకోగలరో గమనించి ఆ అంకె డాక్టరుకు చెప్పండి. సీటీ కొద్ది నిమిషాల పని. ఎంఆర్ఐ అరగంట నుంచి గంట. పది నిమిషాలే పడుకోగలిగిన మనిషికి ఎంఆర్ఐ రాసి పంపితే రోగికీ, స్కాన్ సిబ్బందికీ కష్టమే.

రాత్రిళ్లు బైపాప్ (మాస్కుతో ఊపిరికి సాయపడే మెషీన్) వాడేవారు మెషీన్ వెంట తీసుకెళ్లండి. సీటీ గదిలో అది పెట్టుకుని పడుకోవచ్చు. ఎంఆర్ఐ గదిలోకి మామూలు బైపాప్ తీసుకెళ్లకూడదు, అయస్కాంతం దాన్ని లాగేస్తుంది. అక్కడ పనికొచ్చే ప్రత్యేక వెంటిలేటర్ ఆ కేంద్రంలో ఉందో లేదో అపాయింట్‌మెంట్ రోజే కనుక్కోవాలి.

ఆక్సిజన్ తగ్గిందని చూసి వెంటనే ముక్కుకు ఆక్సిజన్ గొట్టం ఒక్కటే పెట్టి ఊరుకోవడం ఈ రోగుల్లో మంచిది కాదు. కండరాలు గాలిని బయటకు తోయలేకపోతున్నప్పుడు కార్బన్ డయాక్సైడ్ లోపల పెరుగుతూ పోతుంది, మానిటర్ మీద ఆక్సిజన్ అంకె మాత్రం బాగానే కనిపిస్తుంది. ఊపిరికి సాయం కావాలి, ఆక్సిజన్ దానికి తోడు మాత్రమే.

కదలకుండా ఉండటానికి పిల్లాడికి మత్తు ఇస్తామంటున్నారు.

కాంట్రాస్ట్ కన్నా ఇదే పెద్ద నిర్ణయం. డ్యుషెన్ ఉన్నవారికి సక్సినైల్‌కోలిన్ ఇవ్వకూడదు. పొటాషియం ఒక్కసారిగా పెరిగి గుండె ఆగిపోవచ్చు. పీల్చే మత్తు వాయువులు కూడా వాళ్లలో కండరాన్ని కరిగించే ప్రమాదం ఉంది. సెంట్రల్ కోర్ జబ్బు ఉన్నవారిలో అవే వాయువులు ఒళ్లు ప్రమాదకరంగా వేడెక్కి కండరాలు బిగుసుకుపోయే మాలిగ్నెంట్ హైపర్‌థర్మియాకు దారితీస్తాయి. మత్తు డాక్టరు జబ్బు పేరు తెలిసిన మనిషై ఉండాలి, గదిలో అందుకు తగ్గ ఏర్పాటు ఉండాలి. సిరప్ తాగించి పడుకోబెట్టే పద్ధతికి ఒప్పుకోవద్దు.

పిల్లాడికి కాలేయం స్కాన్ రాశారా? ఒక్కసారి ఆగండి. ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ ఎంజైములు కాలేయంలోనే కాదు, కండరంలోనూ ఉంటాయి. కండర జబ్బున్న పిల్లల్లో అవి ఎక్కువగానే ఉంటాయి. కాలేయ ఎంజైము జీజీటీ నార్మల్‌గా ఉండి కండర ఎంజైము సీకే వేలల్లో ఉంటే ఆ ఎంజైములు కండరం నుంచే వచ్చుంటాయి. స్కానూ, డైయూ, మత్తూ ఏదీ అవసరం లేకపోవచ్చు.

స్కాన్ కోసం ఇంకా ఏ మందులు ఇస్తారు? వాటితో ఇబ్బందా?

మయస్థీనియా ఉన్నవారు ఇక్కడ బాగా జాగ్రత్తగా ఉండాలి. గుండె రక్తనాళాల సీటీకి ముందు గుండె వేగం తగ్గించడానికి మెటోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్ ఇస్తారు, అది బలహీనతను పెంచవచ్చు. పొట్ట స్కాన్‌లో పేగుల కదలిక ఆపడానికి హయోసిన్ ఇంజెక్షన్ చేస్తారు, అది మయస్థీనియాలో వద్దని మందు సమాచార పత్రంలోనే ఉంటుంది. పేగు శుభ్రం చేయడానికి ఇచ్చే కొన్ని విరేచనాల మందుల్లో మెగ్నీషియం ఉంటుంది, అదీ వద్దు. ఇవన్నీ రొటీన్‌గా జరిగిపోయే పనులు కాబట్టి ఎవరూ చెప్పరు. బల్ల ఎక్కే ముందు ‘డై కాకుండా ఇంకేం ఇస్తున్నారు?’ అని ఒక్క మాట అడగండి.

అలర్జీ వస్తే?

జపాన్‌లో మూడు లక్షల మందికి పైగా రోగుల మీద జరిగి 1990లో ప్రచురితమైన అధ్యయనంలో పాత మందులతో తీవ్రమైన రియాక్షన్ 0.22 శాతం మందికి వస్తే, తక్కువ సాంద్రత మందులతో 0.04 శాతం మందికే వచ్చింది. కండర జబ్బు వల్ల ఈ అవకాశం పెరగదు. వస్తే తట్టుకునే శక్తి మాత్రం తక్కువ, దగ్గడానికి కూడా బలం ఉండదు కాబట్టి. అడ్రినలిన్ అవసరమైన రియాక్షన్‌కు, మయస్థీనియా అయినా మరేదైనా, వెంటనే ఇవ్వాల్సిందే.

గతంలో రియాక్షన్ వచ్చినవారికి 13, 7, 1 గంటల ముందు స్టెరాయిడ్, దాంతోపాటు డైఫెన్‌హైడ్రమిన్ ఇచ్చే పద్ధతి ఒకటుంది. మయస్థీనియాలో ఎక్కువ డోసు స్టెరాయిడ్ కొత్తగా మొదలుపెట్టినప్పుడు బలహీనత ముందు పెరిగి తర్వాత తగ్గడం తెలిసిన సంగతే, కాబట్టి న్యూరాలజిస్టుకు చెప్పకుండా ఆ మాత్రలు మొదలుపెట్టవద్దు. డైఫెన్‌హైడ్రమిన్ నిద్ర తెప్పిస్తుంది, ఊపిరి బలహీనంగా ఉన్నవారికి దాని డోసు ఆలోచించాలి. రొయ్యలు, పీతలు పడనివారికి అయోడిన్ కాంట్రాస్ట్ పడదన్నది అపోహ.

మింగలేని మనిషికి బేరియం తాగించడం ప్రమాదం కాదా?

ఆ పరీక్ష చేసేదే మింగడం ఎక్కడ తప్పుతోందో చూడటానికి. కూర్చోబెట్టి, చెంచాడు చెంచాడుగా, పక్కన స్పీచ్ థెరపిస్టు ఉండి చేస్తే కొంచెం బేరియం ఊపిరితిత్తుల్లోకి వెళ్లినా సాధారణంగా పెద్ద ప్రమాదం ఉండదు. జాగ్రత్తపడాల్సింది నీళ్లలా ఉండే, ఎక్కువ సాంద్రత ఉన్న పాత రకం అయోడిన్ ద్రవంతో. అది ఊపిరితిత్తుల్లోకి పోతే నీటిని లాగి ఊపిరాడకుండా చేస్తుంది. పేగు చిల్లు అనుమానంతో బేరియం వాడలేకపోతే తక్కువ సాంద్రత మందు వాడమనండి.

ఐవీఐజీ (రక్తనాళంలోకి ఎక్కించే యాంటీబాడీలు) కోర్సు నడుస్తోంది. అదే వారంలో కాంట్రాస్ట్ సీటీ?

రెండూ కిడ్నీ మీదే పడతాయి. అత్యవసరం కాకపోతే మధ్యలో కొన్ని రోజులు ఎడం పెట్టమని అడగండి.

థైరాయిడ్ కూడా ఉంది.

మయస్థీనియా ఉన్నవారిలో థైరాయిడ్ జబ్బులు మామూలు జనంలో కన్నా ఎక్కువ. ఒక్క సీటీ డోసులో వచ్చే అయోడిన్ రోజువారీ అవసరానికి ఎన్నో రెట్లు. గ్రేవ్స్ జబ్బు అదుపులో లేకపోతే ఆ అయోడిన్ దాన్ని రెచ్చగొడుతుంది, థైరాయిడ్ పెరిగితే కండర బలహీనతా పెరుగుతుంది. స్కాన్ అయిన కొన్ని వారాలకు కొత్తగా గుండెదడ, చెమటలు, నీరసం వస్తే థైరాయిడ్ రక్తపరీక్ష టీఎస్‌హెచ్ చూపించండి.

మాట రాదు, చేయి కదపలేరు. లోపల ఇబ్బంది వస్తే ఎలా చెబుతారు?

ఎంఆర్ఐ గొట్టంలోకి పంపేటప్పుడు చేతిలో రబ్బరు బంతి పెట్టి, ఇబ్బంది అనిపిస్తే నొక్కమంటారు. వేళ్లలో బలం లేని మనిషి చేతిలో ఆ బంతి ఉన్నా లేనట్టే. టెక్నీషియన్ అది చేతిలో పెట్టిన వెంటనే నొక్కించి చూడండి. శబ్దం రాకపోతే మోచేయి కింద, పాదం కింద, మడమ దగ్గర, ఎక్కడ బలం మిగిలి ఉంటే అక్కడ పెట్టించండి. అదీ కుదరకపోతే ప్రతి సీక్వెన్స్ మధ్యలో మైకులో అడిగి, కళ్లు మూసి తెరవడాన్ని కెమెరాలో చూసే ఏర్పాటు కావాలి. స్క్రీనింగ్ అయ్యాక ఇంటి మనిషిని లోపల నిలబడనిచ్చే కేంద్రాలూ ఉంటాయి.

సీటీలో డైని మెషీన్ సెకనుకు 3 నుంచి 5 మిల్లీలీటర్ల వేగంతో తోస్తుంది. సూది రక్తనాళం దాటి మందు కండలోకి పోతే మామూలు మనిషి ‘మంట’ అని అరుస్తాడు. అరవలేని మనిషికి ముందు సెలైన్ తోసి చూడటం, మొదటి క్షణాల్లో చేతి దగ్గర ఒకరు ఉండటం అవసరం. ఒళ్లంతా వేడిగా అనిపించడం, నోట్లో లోహపు రుచి రావడం మామూలే, నిమిషంలో పోతాయి. ఆ సంగతి ముందే చెవిలో చెబితే భయపడరు.

ఎస్ఎమ్ఏకి వెన్నులో ఇంజెక్షన్ ఇస్తున్నారు. అక్కడ కూడా డై వాడతారా?

వెన్ను వంకర ఉన్నవారికీ, రాడ్లు వేసినవారికీ ఎక్స్‌రే లేదా సీటీ చూస్తూ సూది పెడతారు. సూది సరైన చోట ఉందో లేదో చూడటానికి కొన్నిసార్లు కొద్దిగా డై వాడతారు. వెన్నులోకి ఐయోహెక్సాల్ లాంటి, ఆ వాడకానికి అనుమతి ఉన్న నాన్ అయానిక్ (విద్యుత్ ఆవేశమున్న కణాలుగా విడిపోని) మందు మాత్రమే వెళ్లాలి. పాత అయానిక్ మందు వెన్నులోకి వెళితే ప్రాణాపాయం. గడోలినియం కూడా అక్కడికి వెళ్లకూడదు.

గాలి బుడగల మందు మాకు ఎప్పుడు పనికొస్తుంది?

ఛాతీ, వెన్ను వంకరపోయి మామూలు ఎకోలో గుండె సరిగా కనిపించనప్పుడు. బుడగల్లోని వాయువు ఊపిరితోనే బయటకు పోతుంది, కిడ్నీతో సంబంధం లేదు. ఎంఆర్ఐలో పడుకోలేని మనిషికి ఇది మంచి దారి. రియాక్షన్లు అరుదే అయినా వస్తాయి కాబట్టి పరికరాలున్న చోటే చేస్తారు.

ఇంటికి వచ్చాక ఏం గమనించాలి?

మామూలుగా అరగంట సెంటర్లోనే కూర్చోబెడతారు. మయస్థీనియా ఉన్నవారు మరో ఒకటి రెండు రోజులు ఒంటరిగా ఉండొద్దు. స్కాన్‌కు ముందు రోజు ఒక పని చేసి పెట్టుకోండి. గట్టిగా ఊపిరి పీల్చి, ఒక్క ఊపిరిలో ఒకటి నుంచి ఎంతవరకు పైకి లెక్కపెట్టగలరో రాసుకోండి. స్కాన్ తర్వాత పూట పూటకూ అదే చేయండి. ముందు 35 దాకా వెళ్లిన మనిషి 20 దగ్గరే ఆగిపోతే, లేదా మాట ముక్కుతో వస్తున్నా, నీళ్లు తాగితే పొలమారినా, తల నిలపలేకపోయినా, తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి బయలుదేరండి. దారిలో న్యూరాలజిస్టుకు ఫోన్ చేసి, ఎక్కించిన మందు పేరు, టైము చెప్పండి.

కండరం తగ్గినవారికి, అయోడిన్ మందు ఎక్కించి ఉంటే, రెండు మూడు రోజులకు క్రియాటినిన్ మళ్లీ చేయించి పాత అంకెల కాగితం పక్కన పెట్టి చూడండి. మూత్రం బాగా తగ్గినా, ముదురు రంగులో వచ్చినా ఆ పరీక్ష దాకా ఆగొద్దు.